ఒకసారి వచ్చిపోయిన రోగం: నడిగడ్డ నుంచి నల్లమల దాకా నూరేళ్ల సాక్ష్యం

2020 ఏప్రిల్‌లో, హైదరాబాద్‌ను పక్కన పెడితే, కరోనా విషయంలో తెలంగాణ సర్కారును ఎక్కువగా కలవరపెట్టిన జిల్లాల్లో జోగుళాంబ గద్వాల ఒకటి. రాష్ట్ర ప్రధాన కార్యదర్శి, డీజీపీ సూర్యాపేట, వికారాబాద్‌లతో పాటు గద్వాలకూ స్వయంగా వచ్చి పరిస్థితి చూసిపోయారు. అదే కాలంలో కృష్ణ దాటితే తగిలే వనపర్తి, ఒక్క కేసూ నమోదు కాని మూడు జిల్లాల్లో ఒకటిగా, వరంగల్ రూరల్, యాదాద్రిల సరసన, రోజువారీ ఆరోగ్య బులెటిన్‌లో కనిపించేది. నది ఒక ఒడ్డున భయం, ఇంకో ఒడ్డున ధీమా. రెండేళ్లు తిరక్కముందే ఆ తేడా చెరిగిపోయింది. 2022 మొదట్లో జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, భారత్ బయోటెక్ కలిసి రాష్ట్రంలోని 33 జిల్లాల్లోనూ రక్తపరీక్షలు చేసినప్పుడు 92.9 శాతం మందిలో కరోనా యాంటీబాడీలు కనిపించాయి. అన్నిటికన్నా ఎక్కువ హైదరాబాద్‌లో, 97 శాతం. అన్నిటికన్నా తక్కువ మంచిర్యాలలో, 89.2 శాతం. అంటే గద్వాల, వనపర్తి, వాటి పొరుగునున్న నాగర్‌కర్నూల్ మూడూ ఆ రెండు అంకెల నడుమే ఉన్నాయి. అయితే ఆ రక్తనమూనాలు తీస్తున్న రోజుల్లోనే ఒమిక్రాన్ ఊరూరా తిరుగుతోంది. ఒంట్లో యాంటీబాడీలున్న మనుషులకే మళ్లీ జ్వరం వచ్చింది. మరి ఒకసారి సోకిన రోగం ఇచ్చే రక్షణ ఎంతకాలం ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబుగా ఇన్ని నెలలనో, ఇన్నేళ్లనో ఒకే అంకె చెప్పడం కుదరదని నా వాదం. దేని నుంచి రక్షణ అన్నది ముందు తేల్చుకోవాలి: రోగం సోకడం నుంచా, చావు నుంచా? ఈ రెండింటికీ ఆయుర్దాయం వేరు. ఈ ప్రాంతపు నూరేళ్ల చరిత్ర అదే చెబుతోంది.

రోగాల్లో ఈ తేడాను పల్లె జనం ఏనాడో గమనించారు. అమ్మవారు పోసి బతికి బయటపడిన మనిషికి మళ్లీ పోయదు. తట్టు ఒకసారి వచ్చిన పిల్లకు రెండోసారి రాదు. అందుకే మశూచి వచ్చిన ఇంట్లో వేపమండలు కట్టి, రోగి దగ్గర కూర్చుని సేవ చేసే పని అంతకుముందు ఆ రోగం పడి లేచినవాళ్లు చేయడమే మేలని పెద్దలు ఎరుగుదురు. సర్ది సంగతి వేరు. అది ప్రతి ఏడూ వస్తుంది, ఒక్కోసారి వానకాలంలో ఒకటి, చలికాలంలో ఒకటి. ఒకసారి వచ్చింది గనక ఇక రాదని సర్ది గురించి ఎవరూ అనలేదు. ఈ ఎరుకకు లెక్కల బలం మొదట దొరికింది ఐరోపాకు ఉత్తరాన సముద్రం మధ్య ఉన్న ఫారో దీవుల్లో. 1846లో అక్కడ తట్టు చెలరేగి, సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మందికి పైగా పడకేశారు. పీటర్ పానుమ్ అనే డెన్మార్క్ యువ వైద్యుడు ఇల్లిల్లూ తిరిగి చూశాడు. 1781లో వచ్చిన తట్టును చిన్నప్పుడు భరించిన వృద్ధుల్లో ఒక్కరికీ ఈసారి రోగం రాలేదని రాశాడు. అరవై అయిదేళ్ల పాటు ఆ దీవులకు తట్టు రానే లేదు కాబట్టి, మధ్యమధ్య సోకడం వల్ల రక్షణ తాజాపడిందని అనడానికి వీల్లేదు. ఒక్క జబ్బు ఇచ్చిన రక్షణ ఒక జీవితకాలం నిలిచిందని అక్కడ రుజువైంది.

తట్టుకు అంత గట్టిగా పనిచేసే శరీరం సర్దికి, ఫ్లూకి ఎందుకు ఓడిపోతుంది? తట్టు కూడా ఊపిరి ద్వారానే కదా సోకేది? ఇక్కడ మూడు కారణాలు కలుస్తాయి. మొదటిది రోగం నడిచే వేగం. తట్టు, మశూచి క్రిములు లోపలికి వెళ్లాక రక్తంలో తిరిగి, ఒళ్లంతా పాకి, పది పన్నెండు రోజులకు గాని బయటపడవు. పాత జబ్బును గుర్తుంచుకున్న కణాలు మేలుకొని యాంటీబాడీలను తిరిగి తయారు చేయడానికి మూడు నాలుగు రోజులు చాలు. అందుకే శత్రువు బలపడకముందే పని ముగుస్తుంది. ఫ్లూ ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే బయటపడుతుంది. సర్దిదీ అదే దూకుడు. కణాలు మేలుకునేసరికి ముక్కు కారడం మొదలైపోతుంది. రెండోది చోటు. ఫ్లూ, సర్ది క్రిములు ముక్కు, గొంతు పొరల మీదే సంసారం చేస్తాయి. రక్తంలో ఉన్న యాంటీబాడీలు ఆ పొర మీదికి కొద్దిగానే చేరతాయి. అక్కడ కాపలా కాసే స్థానిక యాంటీబాడీలు కొన్ని నెలల్లోనే సన్నగిల్లుతాయి. మూడోది వేషం. తట్టు వైరస్ పైపొర మార్చుకోలేదు. ఫ్లూ వైరస్ ఏటా కొంత మారుతుంది, ఎప్పుడో ఒకసారి పూర్తిగా మారుతుంది. కాబట్టి రక్షణ ఎంతకాలం అన్నది యాంటీబాడీల వయసు మీద మాత్రమే ఆధారపడదు. వాటికి ఎదురుపడే రోగం ఎంత వేగంగా, ఎక్కడ, ఏ రూపంలో వస్తుందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

ఈ సూత్రాన్ని పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్, గడ్డ మీద పెట్టి చూడాలి. నూరేళ్ల కింద గద్వాల, వనపర్తి సంస్థానాలు. జిల్లా కేంద్రం మహబూబ్‌నగర్‌కు మారకముందు ఆ హోదా ఉన్న నాగర్‌కర్నూల్ నిజాం సర్కారు నేరుగా ఏలిన తాలూకా. తట్టు లాంటి రోగం ఒక చోట ఏడాది పొడవునా నిలిచి ఉండాలంటే కనీసం రెండున్నర నుంచి అయిదు లక్షల జనాభా ఒకరికొకరు అందుబాటులో ఉండాలని 20వ శతాబ్దపు గణాంక శాస్త్రజ్ఞులు తేల్చారు. ఇక్కడి ఏ సంస్థానంలోనూ అంత జనం లేరు. నల్లమల అడవిలో చెంచుల పెంటల (గూడేల) సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే ఇలాంటి రోగాలు ఇక్కడ పుట్టి ఇక్కడే మిగిలి ఉన్నవి కావు. ప్రతిసారీ బయటి నుంచి వచ్చినవే: సంతతో, జాతరతో, రైలుతో, బతుకుదెరువు కోసం పోయి వచ్చిన మనుషులతో. మధ్యలో రోగం లేని ఏళ్లు గడిచేకొద్దీ దాన్ని ఎరగని పిల్లలు పెరిగేవారు. మళ్లీ వచ్చినప్పుడు దెబ్బ వాళ్ల మీద పడేది.

అలా బయటి నుంచి వచ్చిన రోగాల్లో అన్నిటికన్నా భయంకరమైనది 1918 ఇన్‌ఫ్లుయెంజా. ఆ ఏడాది జూన్ 10న బొంబాయి రేవులో కాపలా ఉన్న ఏడుగురు పోలీసు సిపాయిలు జ్వరంతో ఆస్పత్రిలో చేరారు. రోగానికి బొంబాయి జ్వరం అనే పేరు పడింది. జూన్‌లో వచ్చిన మొదటి అల మెతకది. సెప్టెంబరులో మొదలైన రెండో అల ఊళ్లను తుడిచిపెట్టింది. రోగం రైలు దారుల వెంట పాకిందని అప్పటి భారత శానిటరీ కమిషనర్ నివేదికే చెప్పింది. బొంబాయి నుంచి, మద్రాసు నుంచి వచ్చిన రైలు దారులు 1871లో కలుసుకున్నది రాయచూరులో. నడిగడ్డకు, అంటే గద్వాల ప్రాంతానికి, రాయచూరు పక్క ఊరే. 1911లో 1,33,74,676 ఉన్న హైదరాబాద్ రాజ్య జనాభా 1921 నాటికి 1,24,71,770కి పడిపోయింది. పదేళ్లలో పెరగాల్సిన జనం తొమ్మిది లక్షలు తగ్గారు. ఇదంతా ఫ్లూ పద్దులోనే రాయగలమా అని ఎవరైనా అడిగితే ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఆ దశకంలో ప్లేగు ఉంది, 1918లోనూ 1920లోనూ వానలు తప్పి కరువులు వచ్చాయి. కానీ ఇప్పటి భారతదేశ సరిహద్దుల్లోని జనాభా జనగణనల చరిత్ర మొత్తంలో తగ్గింది ఆ ఒక్క దశకంలోనే. ప్లేగు, కరువు అంతకుముందు దశకాల్లోనూ ఉన్నాయి. కొత్తగా వచ్చి చేరింది ఇన్‌ఫ్లుయెంజా. దేశం మొత్తం మీద కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా ప్రాణాలు పోయాయని చరిత్రకారుల అంచనాలు.

ఆ మహా మరణకాండలోనే రక్షణ గురించిన రెండు పాఠాలు దాగి ఉన్నాయి. మొదటిది: వేసవిలో మెతక జ్వరం పడి లేచినవాళ్లు రెండో అలలో చాలావరకు బతికిపోయారు. బ్రిటన్, అమెరికా సైన్యాల రికార్డులను, డెన్మార్క్ లెక్కలను 2008లో తిరగేసిన పరిశోధకులకు ఈ సంగతి స్పష్టంగా కనబడింది. సైనిక దళాల్లో ఆ రక్షణ 56 నుంచి 89 శాతం దాకా ఉంది. రెండోది: చనిపోయినవాళ్లలో ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య వయసువాళ్లు విపరీతంగా ఎక్కువ. ముసలివాళ్లు అనుకున్నంతగా పోలేదు. వాళ్లు చిన్ననాట ఇలాంటి వైరస్‌నే ఎదుర్కొని ఉండడం దీనికి కారణమని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. కాయకష్టం చేసి, జొన్నరొట్టె తిని పెరిగిన ఒంటికి ఇలాంటి రోగాలు రావన్న మాట 2020లో మన ఊళ్లల్లో గట్టిగానే వినబడింది. 1918 చావుల లెక్క దాన్ని పూర్తిగా కొట్టివేస్తుంది. ఆ ఏడాది ముందుగా పోయింది కాయకష్టం చేసే వయసువాళ్లే. ఒంటి బలం ఒక సంగతి, ఒకానొక వైరస్‌ను ఇదివరకు చూసి ఉండడం ఇంకో సంగతి. రెండోది లేనప్పుడు మొదటిది కాపాడలేకపోయింది.

ఇంతకీ 1918లో ఏర్పడిన రక్షణ ఎన్నాళ్లుంది? ఆ వైరస్ సంతతి 1957 దాకా జనంలో తిరిగింది. ఆ ఏడాది మేలో సింగపూర్ నుంచి మద్రాసు రేవుకు వచ్చిన ఓడలో కొత్త రకం ఫ్లూ దిగింది. పాత రకం కనుమరుగైంది. ఇరవై ఏళ్ల తర్వాత, 1977లో, పాత రకం అనూహ్యంగా తిరిగొచ్చింది. అప్పుడు జబ్బు పడింది ఎక్కువగా ఇరవై అయిదేళ్ల లోపువాళ్లే. అంతకు పైబడినవాళ్లకు రెండు దశాబ్దాల కిందటి రక్షణ ఇంకా పనిచేస్తూనే ఉంది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది. మన దేశంలో దాని మొదటి కేసు నమోదైంది హైదరాబాద్‌లోనే, ఆ ఏడాది మేలో. ఆ వైరస్ అమెరికాలోనూ కొత్తదే, అయినా అక్కడ దాచి ఉంచిన రక్తనమూనాలను పరీక్షిస్తే 1950కి ముందు పుట్టినవాళ్లలో 34 శాతం మందికి దాన్ని అడ్డుకునే యాంటీబాడీలున్నాయి. 1980 తర్వాత పుట్టినవాళ్లలో అవి 4 శాతం మందికే ఉన్నాయి. 2008లో ఇంకో పరిశోధన వచ్చింది. 1918 మహమ్మారిని చూసి బతికిన 32 మంది వృద్ధుల రక్తం పరీక్షించారు. వాళ్ల వయసు 91 నుంచి 101. అందరి రక్తమూ ఆ పాత వైరస్‌ను గుర్తుపట్టింది. తొంభై ఏళ్లు! ఫ్లూ ఏటా ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు యాంటీబాడీలు మాసిపోవడమే కారణమని చెప్పేవాళ్లకు ఇది గట్టి జవాబు. యాంటీబాడీలు పోలేదు, అవి గుర్తుపట్టే ముఖం మారిపోయింది.

అయితే కరోనా కుటుంబం సంగతి ఇంత సులువు కాదు. మామూలు సర్దిని కలిగించే నాలుగు కరోనా వైరస్‌లు ఎప్పటి నుంచో మనుషుల్లో ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో పది మంది రక్తాన్ని 1980ల నుంచి దశాబ్దాల పాటు దాచి, 2020లో పరీక్షించారు. ఒకసారి సోకిన ఏడాదికే మళ్లీ సోకడం వాళ్లలో మామూలని తేలింది. ఇంగ్లండ్‌లో అంతకుముందు ఒక ప్రయోగం జరిగింది. స్వచ్ఛందంగా వచ్చినవాళ్లకు అలాంటి వైరస్‌ను ముక్కులో వేసి, ఏడాది తర్వాత మళ్లీ అదే వేశారు. ఎక్కువమందికి తిరిగి సోకింది. కానీ ఒక్కరికీ జలుబు చేయలేదు. మన వాదానికి ఈ చిన్న ప్రయోగం ఆయువుపట్టు. సోకకుండా ఆపే రక్షణ ఏడాదిలో పోయింది, జబ్బు పడకుండా కాపాడే రక్షణ మిగిలింది. ఒంట్లో జరిగేది ఏమిటంటే, రోగం తగ్గగానే తాత్కాలిక కణాలు కుప్పలుగా తయారుచేసిన యాంటీబాడీలు రక్తంలో శిఖరానికి చేరతాయి. ఆ కణాలు చనిపోతాయి, తొలి కొద్ది నెలల్లో యాంటీబాడీలు వేగంగా పడిపోతాయి. కానీ కొన్ని కణాలు ఎముక మజ్జలో చేరి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా యాంటీబాడీలు తీస్తూనే ఉంటాయి. స్వల్పంగా కరోనా వచ్చి తగ్గినవాళ్ల మజ్జలో అలాంటి కణాలున్నాయని 2021లో అమెరికాలోని సెయింట్ లూయిస్ శాస్త్రవేత్తలు చూపించారు. వీటితో పాటు జ్ఞాపక కణాలు, వైరస్ సోకిన కణాలను పట్టి చంపే టీ కణాలు ఉంటాయి. 2003లో సార్స్ వచ్చి తగ్గినవాళ్లలో పదిహేడేళ్ల తర్వాత కూడా ఆ టీ కణాలు సింగపూర్‌లో కనిపించాయి. నడిగడ్డ రైతు తినే గింజలు వేసవికల్లా అయిపోవచ్చు, విత్తనానికి దాచిన గింజలు వేరుగా ఉంటాయి. రక్తపరీక్ష కొలిచేది తినే గింజలనే. ఆ అంకె తగ్గిందంటే విత్తనం పోయినట్టు కాదు.

ఈ వెలుగులో తెలంగాణ సర్వేలను మళ్లీ చదవాలి. ఐసీఎంఆర్ తరఫున జాతీయ పోషకాహార సంస్థ జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాల్లో నాలుగుసార్లు రక్తనమూనాలు తీసింది. 2020 మేలో 0.33 శాతం, ఆగస్టులో సుమారు 12, డిసెంబరులో 24.1, 2021 జూన్‌లో 60.1 శాతం మందిలో యాంటీబాడీలు దొరికాయి. మొదటి అంకె చూడండి. 2020 వేసవిలో పల్లెలు తప్పించుకోవడానికి కారణం అక్కడి జనానికి ప్రత్యేకమైన రక్షణేదో ఉండడం కాదు. వైరస్ ఇంకా అక్కడికి చేరలేదు, అంతే. వనపర్తి సున్నా కూడా అలాంటిదే. 2021 జూన్ అంకె రెండో అల మిగిల్చిన గుర్తు, అప్పుడప్పుడే అందుతున్న టీకాల గుర్తు. ఇక 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏఐజీ ఆస్పత్రి, రెండు డోసులు వేసుకున్న 1,636 మందిని పరీక్షించి, ఆరు నెలల తర్వాత దాదాపు 30 శాతం మందిలో యాంటీబాడీలు రక్షణ స్థాయి కన్నా కిందికి పడిపోయాయని చెప్పింది. దాన్నిబట్టి టీకా ఆరు నెలలకు పనికిరాకుండా పోతుందని చాలామంది అనుకున్నారు. ఆ ఫలితం చెప్పింది అది కాదు. సోకకుండా ఆపే శక్తి తగ్గుతోందని, అందుకు బూస్టర్ అవసరమని చెప్పింది.

పాత రక్షణ చావు నుంచి కాపాడుతుందన్న ఈ వాదానికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఒమిక్రాన్ అలలో చావులు తక్కువగా ఉండడానికి పాత రక్షణ కారణమని ఎలా అంటాం, ఆ వైరసే మెతకది కదా? డెల్టాతో పోలిస్తే ఒమిక్రాన్ కొంత మెతకదన్నది నిజమే. కానీ అదే ఒమిక్రాన్ 2022 ఫిబ్రవరి, మార్చి నెలల్లో హాంకాంగ్‌లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ మరణాల రేటు తెచ్చింది. అక్కడ అంతకుముందు రోగం దాదాపు తిరగలేదు, పెద్ద వయసువాళ్లలో చాలామంది టీకా వేసుకోలేదు. వైరస్ ఒకటే. ఎదుర్కొన్న జనాల గతం వేరు. 19 దేశాల 65 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పాత సోకుడు పది నెలల తర్వాత ఒమిక్రాన్ మళ్లీ సోకకుండా కాపాడింది 36 శాతమే. తీవ్రమైన జబ్బు నుంచి మాత్రం దాదాపు 89 శాతం కాపాడింది. ఒకే మనిషి, ఒకే గతం, రెండు వేరువేరు అంకెలు. రక్షణకు ఒకే ఆయుర్దాయం లేదనడానికి ఇంతకన్నా తిన్నని సాక్ష్యం అక్కర్లేదు.

అలాగైతే ఒకసారి జబ్బు పడి లేవడమే మేలు, టీకా ఎందుకని అడిగేవాళ్లున్నారు. రోగం ఇచ్చే రక్షణ గట్టిదే కావచ్చు. కానీ బతికి బయటపడినవాళ్లకే అది దక్కుతుంది. 1918 జూన్‌లో మెతక జ్వరం పడి లేచినవాడి అదృష్టాన్ని మనం చూస్తున్నాం. మొదటిసారే అక్టోబరులో సోకినవాళ్లలో ఎందరో సాక్ష్యం చెప్పడానికి మిగల్లేదు. హైదరాబాద్ రాజ్యం ఆ రక్షణకు కట్టిన వెల జనగణన పట్టికలో ఉంది. టీకా అదే పాఠాన్ని ఆ వెల లేకుండా నేర్పుతుంది. పాలమూరుకు ఇది ఇంకా ముఖ్యం. ప్రాజెక్టులు కట్టడానికి, రోడ్లు వేయడానికి దేశమంతా పోయి వచ్చే కూలీల జిల్లాలివి. బొంబాయి, పుణె, బెంగళూరు, హైదరాబాద్‌లలో తిరిగే ఏ కొత్త వైరస్ అయినా సెలవుకో పండక్కో వచ్చే మనిషితో కొద్ది రోజుల్లో ఊరు చేరుతుంది. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, పసిపిల్లలు. ముసలివాళ్ల రక్షణ త్వరగా సన్నగిల్లుతుంది, పసిపిల్లలకు ఇంకా ఏర్పడదు. వలసపోయిన కొడుకు తెచ్చే జ్వరానికి మొదట బలయ్యేది ఇంటి దగ్గరున్న తల్లే.

ఇన్ని సర్వేలు జరిగినా ఒక పని మాత్రం మిగిలే ఉంది. ఇవన్నీ ఎంతమందిలో యాంటీబాడీలున్నాయని అడిగాయి. ఎంతకాలం ఉన్నాయన్న ప్రశ్నకు జవాబు కావాలంటే అదే మనిషి రక్తాన్ని ఏడాదికేడాదీ చూడాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి, 2024లో గద్వాలకూ వచ్చింది. మూడు కళాశాలలూ కలిసి ఊళ్లో ఉండేవాళ్లనూ వలసపోయి వచ్చేవాళ్లనూ కొన్ని వందల మందిని ఎంచుకుని పదేళ్ల పాటు వెంట ఉండి పరీక్షిస్తే, ఫ్లూ మీద, కరోనా మీద ఈ జనానికున్న రక్షణ ఏ వయసులో, ఏ నెలలో సన్నగిల్లుతుందో తెలుస్తుంది. ఊళ్లో టీకాలు ఎవరికి, ఎప్పుడు వేయాలో అప్పుడు ఇక్కడి లెక్కతోనే నిర్ణయించుకోవచ్చు. అది జరిగేదాకా పాఠకులు ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు: మళ్లీ జ్వరం వచ్చినంత మాత్రాన పాత రక్షణ పోయిందని అనుకోవద్దు, పాత రక్షణ ఉందన్న ధీమాతో ఇంట్లో అరవై దాటినవాళ్ల టీకాను వాయిదా వేయవద్దు.